‘సమను అందింది’ – ఎవరికి?

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు ఆడబిడ్డలు పుట్టిళ్ళకు రావడం ఆనవాయితీ. మూడేళ్ళ కిందట అలా వచ్చిన ఒకామె, జాతర మరునాడు పొద్దున్నే తండ్రి పొలం వైపు నడిచి వెళ్ళింది. చింతచెట్టు పక్కన కొత్తగా పాతిన సర్వే రాళ్ళు కనిపించాయి. ‘ఇదేంది నాయనా?’ అని అన్న కొడుకుని అడిగింది. ‘పంచుకున్న్యారు గదత్తా! కోర్టులో డిక్రీ గూడా అయిపోయింది’ అన్నాడు ఆ పిల్లవాడు, అందులో దాచవలసింది ఏమీ లేనట్టుగా.

ఆమె పేరూ వూరూ ఇక్కడ రాయను. ఏ కోర్టో కూడా చెప్పను. కేసు నడుస్తూ వుంది. ఆమె మా సంఘానికి వచ్చినప్పుడు మేము చేసిన మొదటి పని కోర్టులో నకళ్ళకు దరఖాస్తు పెట్టడం. నకళ్ళు వచ్చాక చదివితే విషయం ఇదీ: చిన్నన్న వాది. పెద్దన్న మొదటి ప్రతివాది. ఆమె రెండో ప్రతివాది. ముగ్గురికీ ఒకే చిరునామా, అది తండ్రి ఇల్లు. 1990లో పెళ్ళయినప్పటి నుంచి ఆమె కాపురం పలమనేరు దగ్గర అత్తగారి వూళ్ళో. సమను వెనుక మాత్రం ఇలా రాసి వుంది: ‘రెండో ప్రతివాది వూళ్ళో లేనందున ఆమెతో కలిసి వుంటున్న అన్నకు ఇవ్వడమైనది.’ కింద పెద్దన్న సంతకం. వాయిదా నాడు కోర్టులో ఆమెను పిలిచారు, పలకలేదు. ఆమెను ఎక్స్‌పార్టీ చేశారు. పెళ్ళిలో బంగారం, డబ్బు ఇచ్చాం గనుక ఆమెకు వాటా లేదని దావాలో రాసుకున్న మాటను కాదనడానికి అక్కడ ఎవరూ లేరు. అన్నదమ్ములిద్దరికీ చెరి సగం అని డిక్రీ వచ్చింది.

నకలు చదివి వినిపించాక ఆమె అడిగిన ప్రశ్న ఒకటే. ‘అక్కా, నాకు కాగితమే రాలేదు గదక్కా! రాకుండానే వచ్చిందని ఎట్ల రాసినారు?’

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

మనం ఆస్తి హక్కు గురించి తరగతులు పెడతాం. భరణం గురించి, గృహహింస చట్టం గురించి పాటలు కట్టుకుని పాడతాం. కోర్టు కాగితం మనిషి దగ్గరకు ఎలా వస్తుందో, రాకపోయినా వచ్చినట్టు ఎలా లెక్క వేస్తారో ఏ తరగతిలోనూ చెప్పం. అది వకీళ్ళకూ, గుమాస్తాలకూ సంబంధించిన పని అనుకుంటాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కోర్టుల వరండాల్లో చాలా ఏళ్ళు ఆడవాళ్ళ పక్కన కూర్చున్న తర్వాత నాకు తోచింది ఇది: మనవాళ్ళు ఓడిపోయే కేసుల్లో చాలా వాటికి వాదనతో పనే పడదు. కాగితం ఎవరి చేతిలో పడింది అన్న దగ్గరే అవి ఓడిపోతున్నాయి.

చట్టం ఏమంటుంది?

సివిల్ దావా వేయగానే కోర్టు ప్రతివాదికి సమను పంపుతుంది. దానితో పాటు దావా ప్రతి కూడా వుండాలి. ఇదంతా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 5 కింద వుంది. ‘నీ మీద ఫలానా వాళ్ళు ఫలానా కోరిక కోరుతున్నారు, వచ్చి నీ మాట చెప్పుకో’ అన్నదే సమను సారం. అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలి. కోర్టు కారణాలు రాసి 90 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. ఒక మనిషి మాట వినకుండా ఆ మనిషికి వ్యతిరేకంగా తీర్పు చెప్పకూడదన్న న్యాయసూత్రం ఈ ఒక్క కాగితం మీద నిలబడి వుంది.

వీలైనంత వరకు సమను ఆ మనిషి చేతికే ఇవ్వాలి. ఆ మనిషి ఇంట్లో లేకుండా, తగినంత సమయంలో దొరికే అవకాశం కూడా లేకుండా వుంటే, ఆమె తరఫున తీసుకునే ఏజెంటు ఎవరూ లేకపోతే, అప్పుడు ఆమెతో కలిసి నివసిస్తున్న వయోజనులైన కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చు. ఇది 15వ నియమం. పనిమనిషి కుటుంబ సభ్యుల లెక్కలోకి రాదని అందులోనే వివరణ వుంది. ఎవరూ తీసుకోకపోతే, సంతకం పెట్టకపోతే, మనిషి దొరకకపోతే, తలుపు మీదో ఇంట్లో కనిపించే చోటో కాగితం అంటించి రావచ్చు. ఇది 17వ నియమం. అలా అంటించినప్పుడు ఏ పరిస్థితుల్లో అంటించాడో, ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో వాళ్ళ పేర్లూ చిరునామాలూ ప్రాసెస్ సర్వర్ రాయాలి. ప్రమాణపత్రం లేకుండా ఆ రిపోర్టు వస్తే, జడ్జి అతన్ని ప్రమాణం చేయించి విచారించి తీరాలి. ప్రమాణపత్రం వుంటే విచారించడం జడ్జి ఇష్టం. ఇది 19వ నియమం. ఇవేవీ కుదరకపోతే, మనిషి కావాలనే తప్పించుకుంటున్నట్టు నమ్మకం కలిగితే పత్రికలో ప్రకటన వేయించవచ్చు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. 1908లో ఈ కోడ్ రాసినప్పుడు 15వ నియమంలో ‘వయోజనుడైన మగ కుటుంబ సభ్యుడు’ అని వుండేది. ఇంట్లో తల్లి వున్నా, భార్య వున్నా, చదువుకున్న కూతురు వున్నా, వాళ్ళ చేతికి ఇచ్చిన కాగితం చెల్లదు. ఆడది కాగితం తీసుకునే మనిషి కాదు. 1976లో సవరణ చేసి, ‘మగ గానీ ఆడ గానీ’ అని మార్చారు. 1977 ఫిబ్రవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. క్రిమినల్ చట్టంలో ఈ మార్పుకు ఇంకో నలభై ఏడేళ్ళు పట్టింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్‌లో ‘మగ సభ్యుడు’ అన్న మాట అలాగే వుండిపోయి, 2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చిన రోజునే పోయింది. దేశంలో స్త్రీలు జడ్జీలయ్యారు, ప్రధాని అయ్యారు, రాష్ట్రపతి అయ్యారు. ఇంటి తలుపు దగ్గర క్రిమినల్ కోర్టు సమను తీసుకునే అర్హత మాత్రం 2024 దాకా లేదు!

మాట మారింది. ఆలోచన మారిందా? ‘కుటుంబంలో ఒకరి చేతికి అందితే అందరికీ అందినట్లే’ అన్న నమ్మకం చట్టంలో అలాగే వుంది. ఆ నమ్మకం పుట్టింది మగవాడి ఇంట్లో. అతని కాగితం భార్య తీసుకుంటే అది సాయంత్రానికి అతని చేతిలో వుంటుంది. ఆమె కాగితం అన్నో, మొగుడో, మామో తీసుకుంటే అది ఎక్కడ వుంటుంది? దూలం మీదో, పెట్టె అడుగునో, పొయ్యిలోనో. అందులోనూ ఆ అన్నే ఆ దావాలో పార్టీ అయితే చెప్పేదేముంది!

చిరునామా లేని మనిషి

పుంగనూరు ఆమె విషయంలో 15వ నియమాన్ని సరిగ్గా చదివితే ఆ సర్వీసు చెల్లదు. ‘కలిసి నివసిస్తున్న’ అన్న మాట అక్కడ స్పష్టంగా వుంది. ముప్పై ఏళ్ళుగా వేరే వూళ్ళో కాపురం చేస్తున్న చెల్లెలు అన్నతో కలిసి నివసించడం లేదు. అయితే కాగితం మీద ముగ్గురిదీ ఒకే ఇంటి నెంబరు. ప్రాసెస్ సర్వర్ ఆ ఇంటికి వెళ్ళాడు, అడిగాడు, ‘వూళ్ళో లేదు’ అన్నారు, అన్న సంతకం పెట్టాడు. జడ్జి ముందుకు వచ్చిన ముక్కలో లోపం కంటికి కనపడదు. అబద్ధం దావాలోనే, చిరునామా రాసిన చోటే పుట్టింది.

దావాలో ప్రతివాది నివాసం ‘తెలిసినంత మేరకు’ రాయాలని చట్టం చెపుతుంది. చెల్లెలి ఇంట్లో పెళ్ళికి వెళ్ళి పీటల మీద కూర్చున్న అన్నకు, ఆమె పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించిన మేనమామకు ఆమె ఇల్లు తెలియదా?

ఇది ఒక కుటుంబంలోని దుర్మార్గం మాత్రమే అయితే ఇంత రాయను. దీని వెనుక ఒక కారణం వుంది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళి అన్న షరతు లేకుండా దేశమంతా ఆ హక్కు ఇచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి వున్నాడా లేదా అన్న ప్రశ్నతో నిమిత్తం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చట్టంలోనే ఇంకొక మాట వుంది: పంపకం అంటే రిజిస్టరు దస్తావేజు గానీ, కోర్టు డిక్రీ గానీ వుండాలి. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు నోటితో చెప్పిన పంపకాన్ని అడ్డం పెట్టుకుని ఆడపిల్లను తోసెయ్యడం ఇప్పుడు కష్టం.

అందుకే అన్నదమ్ములకు కోర్టు ముద్ర కావలసి వచ్చింది. ఒకరి మీద ఒకరు దావా వేసుకుంటారు, లోపల ఇద్దరూ ఒకటే. చెల్లెల్ని పేరుకు ప్రతివాదిగా పెడతారు. చెల్లెలికి తెలియకుండా చెల్లెలికి సమను అందుతుంది. చట్టసభలు ఇచ్చిన హక్కును, సుప్రీంకోర్టు నిలబెట్టిన హక్కును ఒక అన్న సంతకం మింగేస్తుంది.

ఆమె డిక్రీ రద్దు కోసం ఆర్డర్ 9, 13వ నియమం కింద పిటిషను వేసింది. ఇక్కడ ప్రతి కార్యకర్తా గుర్తు పెట్టుకోవలసింది ముప్పై రోజుల గడువు. డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమను సరిగా అందకపోయి వుంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఆమెకు జాతర మరునాడు తెలిసింది. ఏడ్చి, అత్తగారి వూరికి వెళ్ళి, మొగుడితో చెప్పి, ‘అన్నలతో గొడవెందుకు’ అనిపించుకుని, మళ్ళీ ధైర్యం తెచ్చుకుని మా దగ్గరకు వచ్చేసరికి ఇరవై రెండు రోజులు పోయాయి. మిగిలిన ఎనిమిది రోజుల్లో పిటిషను పడింది. ఏడాదిన్నర తర్వాత డిక్రీ రద్దయింది. ఆమెకు ఇంకా సెంటు భూమి రాలేదు. కోర్టులో నోరు విప్పే అవకాశం మాత్రం వచ్చింది. అది అసలు మొదటి రోజునే ఆమెకు దక్కవలసింది.

తలుపు వేసుకున్న మనిషి

మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టుచీరల మగ్గాల వూరు. అక్కడి ఒక నేతగత్తె కథ దీనికి తలకిందులు. ఆమె దగ్గరకు కాగితం వచ్చింది, ఆమే తీసుకోలేదు.

భర్త చనిపోయిన కొన్ని నెలలకు కోర్టు మనిషి వచ్చాడు. భర్త రాసిన ప్రోనోటు మీద అప్పులవాడు ఆమెను వారసురాలిగా పెట్టి దావా వేశాడు. ‘కాగితం తీసుకుంటే అప్పు ఒప్పుకున్నట్టే. తీసుకోవద్దు’ అని చుట్టుపక్కల వాళ్ళు చెప్పారు. ఆమె తలుపు వేసుకుంది. రెండోసారి పోస్టులో వస్తే దాన్నీ తిప్పి పంపింది. కవరు మీద ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని రాసి వెనక్కి వెళ్ళింది. చట్టం దృష్టిలో నిరాకరించడం అంటే అందడమే. ఏకపక్ష డిక్రీ వచ్చింది. ఆ తర్వాత ఆమె ఇంటి మీదికి జప్తు వచ్చింది.

ఆమె కోర్టుకు వెళ్ళి వుంటే చెప్పగలిగినవి తక్కువేమీ కాదు. చనిపోయినవాడి అప్పుకు వారసులు బాధ్యులయ్యేది అతని ఆస్తి తమ చేతికి వచ్చినంత మేరకే. ఆమె వుంటున్న ఇల్లు తల్లి ఇచ్చినది, భర్తది కాదు. నేతపని చేసేవాళ్ళ పనిముట్లను జప్తు చెయ్యకూడదని ఆ కోడ్‌లోనే 60వ సెక్షన్ చెపుతుంది, కాబట్టి మగ్గం జోలికి ఎవరూ రాకూడదు. ప్రోనోటు మీది సంతకం భర్తదేనా, గడువు దాటిందా అని అడగవచ్చు. ఇవన్నీ చెప్పవలసిన చోట ఆమె తలుపు గడియ మాత్రమే మాట్లాడింది.

నిరాకరణ ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి ఒక సుప్రీంకోర్టు తీర్పు వుంది. పరిమళ్ – వీణ కేసు. ఢిల్లీలో 1989లో భర్తకు ఏకపక్షంగా విడాకుల డిక్రీ వచ్చింది. భార్య 1993లో దాన్ని రద్దు చెయ్యమని కోరింది. తనకు సమను అందలేదన్నది ఆమె వాదన. ఢిల్లీ హైకోర్టు ఆమె పక్షాన చెప్పింది. సుప్రీంకోర్టు 2011లో దాన్ని కొట్టేసింది. ఆమె నోటీసు నిరాకరించినట్టు రికార్డులో వుంది, పోస్టులో సరిగా పంపిన కాగితం చేరినట్టే భావించాలి, చేరలేదని రుజువు చేసుకోవలసిన భారం ఆమెదే అన్నది. ఆ తీర్పు తప్పా ఒప్పా అన్న చర్చ వేరు. మనకు అందులోంచి రావలసిన పాఠం ఒకటే. ‘రెఫ్యూజ్డ్’ అన్న ఒక్క మాట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మనిషిని వెంటాడుతుంది.

నేతగత్తె భయం ఎక్కడిది? మన పల్లెల్లో కోర్టు కాగితం అంటే పోలీసు అనే అర్థం. కాగితం తెచ్చినవాడు దాన్ని చదివి చెప్పడు. దావా మన కోర్టుల్లో ఎక్కువగా ఇంగ్లీషులోనే వుంటుంది. వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకున్న అనుభవం ప్రతి వూళ్ళోనూ వుంది. ‘ఎక్కడా సంతకం పెట్టొద్దు’ అని మనమే అక్షరాస్యతా తరగతుల్లో చెప్పాం. ఆ జాగ్రత్తే ఇక్కడ ఆమె కొంప ముంచింది. సమను మీద సంతకం పెడితే అప్పు ఒప్పుకున్నట్టు కాదు, నేరం ఒప్పుకున్నట్టు కాదు, ‘కాగితం ముట్టింది’ అని చెప్పడం మాత్రమే. ఈ ఒక్క వాక్యం మన సంఘాల్లో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి.

కోర్టుకే కనపడని మొగుడు

ఇంతవరకు ప్రతివాదులైన స్త్రీల సంగతి. వాదులైన స్త్రీల సంగతికి కుప్పం వెళ్ళాలి.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో పనికి వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చేవాళ్ళు ఎంతోమంది. అక్కడ ఒకామె భర్త మీద భరణం కోసం సివిల్ దావా వేసింది. సమను మూడుసార్లు తిరిగి వచ్చింది. ఒకసారి ‘ఇంటికి తాళం’. ఒకసారి ‘మనిషి బెంగుళూరులో వున్నట్టు తెలిసింది’. ఒకసారి ‘చిరునామా చాలదు’. తిరిగొచ్చిన ప్రతిసారీ మళ్ళీ బత్తా కట్టాలి, మళ్ళీ వాయిదా. పైగా సమను తిరిగొచ్చాక ఏడు రోజుల్లో కొత్త సమను కోసం అడగకపోతే, అడగలేకపోవడానికి తగిన కారణం చూపకపోతే, దావానే కొట్టేస్తారు. తప్పించుకున్నవాడికి శిక్ష లేదు, ఆలస్యం చేసిన ఆమెకు శిక్ష!

‘అక్కా, ఆదివారం ఆదివారం టీ అంగడి కాడ కూర్చోనుంటాడు. వూరంతా చూస్తారు. కోర్టుకే కనపడడు’ అన్నది ఆమె.

2002 సవరణతో ఒక దారి వచ్చింది. కోర్టు అనుమతిస్తే సమను వాదే స్వయంగా తీసుకెళ్ళి ప్రతివాదికి ఇవ్వవచ్చు. ఇది చదివినప్పుడు కంపెనీకీ కంపెనీకీ మధ్య దావాలకు బాగానే వుంటుందనిపిస్తుంది. కొట్టి తరిమిన మొగుడి చేతికి ఆమె కాగితం ఎలా ఇస్తుంది? మేము అయిదుగురం ఆమెతో టీ అంగడికి వెళ్ళాం. అతను కాగితం ముట్టుకోలేదు, నోటికి వచ్చింది అన్నాడు. తిరిగి వచ్చి కోర్టుకు ఆ సంగతి చెప్పాం. అప్పుడు కోర్టే మళ్ళీ సమను జారీ చెయ్యాలని నియమం వుంది. ఈసారి ప్రాసెస్ సర్వర్‌తో పాటు తెల్లవారుజామున రైలు వేళకు ముందే మా సంఘం సభ్యురాలు వెళ్ళి ఇల్లు చూపించింది. అతను మళ్ళీ నిరాకరించాడు. తలుపుకు అంటించారు. ఇల్లు చూపినదీ, సాక్షీ ఆమే. రిపోర్టులో ఆమె పేరు, చిరునామా, సంతకం. ‘సర్వ్ అయింది’ అని కోర్టు రాసుకున్న రోజున దావా వేసి పద్నాలుగు నెలలయింది. అప్పటిదాకా ఒక్క పూట తిండికి కూడా భరణం రాలేదు.

గృహహింస చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో వున్న ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం నోటీసు అందించే పని రక్షణాధికారిది. గరిష్ఠంగా రెండు రోజుల్లో అందించాలి, లేదా మేజిస్ట్రేటు అనుమతించిన తగినంత అదనపు సమయంలో. ఆ రెండు రోజులు ఎంత సాగుతున్నాయో మనందరికీ తెలుసు. అయినా ఆకలితో వున్న మనిషికి ఆలస్యమే ఓటమి అని ఒక చట్టమైనా ఒప్పుకుంది. సివిల్ కోర్టులో భరణం, పంపకం అడిగే స్త్రీలకు ఆ గుర్తింపు ఎందుకు వుండకూడదు?

తప్పు బంట్రోతుదేనా?

ఇవన్నీ చెప్పినప్పుడు మనవాళ్ళు ప్రాసెస్ సర్వర్ మీద మండిపడతారు. నేను ఒప్పుకోను. లంచం తీసుకుని దొంగ రిపోర్టు రాసేవాళ్ళు వుంటే వాళ్ళను శిక్షించవలసిందే. కానీ కొండగుట్టల మధ్య బస్సు దిగి మైళ్ళు నడిచి, కుక్కలు అరుస్తుంటే ముక్కూ మొహం తెలియని ఇంటి ముందు నిలబడి, ‘లేదు పో’ అనిపించుకుని వచ్చే చిరుద్యోగి అతను. ఆ వూళ్ళో అతనికి ఇల్లు చూపించేది ఎవరు? దావా వేసినవాడి మనిషే. సాక్షి సంతకం పెట్టేది ఎవరు? మళ్ళీ వాడి మనిషే. మగవాళ్ళ వూళ్ళో మగవాళ్ళ మాట విని అతను రాసుకుని వస్తాడు. మనం ఆ చోటును ఖాళీగా వదిలేశాం.

కొత్త పద్ధతులు వచ్చాయి. 2018 నుంచి ‘ఎన్‌స్టెప్’ అనే ఏర్పాటు కింద ప్రాసెస్ సర్వర్లకు ఫోన్లు ఇచ్చి, వెళ్ళిన చోటు, ఫోటో నమోదు చేయించడం మొదలుపెట్టారు. కోవిడ్ కాలంలో, 2020 జూలై 10న, సుప్రీంకోర్టు ఈమెయిలుతో పాటు వాట్సాప్‌లో పంపడానికి కూడా వీలు కల్పించింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇవి మంచివే. ఫోటో తీస్తే ఇల్లు కనపడుతుంది, ఆ ఇల్లు ఎవరిదో కనపడదు. అన్న ఇంటి తలుపు ఫోటో చెల్లెలికి సమను అందినట్టు రుజువు కాదు. ఇక వాట్సాప్ అంటారా, మన పల్లెల్లో ఆమె నెంబరు అని ఇచ్చిన ఫోను ఎవరి జేబులో వుంటుంది?

ఏం అడగాలి? ఏం చెయ్యాలి?

కోర్టులను మనం అడగవలసినవి పెద్ద చట్ట సవరణలేమీ కావు. వున్న నియమాలను ఆడమనిషిని కళ్ళ ముందు పెట్టుకుని అమలు చెయ్యమనడమే.

ఒకటి: పంపకం దావాల్లో పెళ్ళయిన ఆడపిల్ల ప్రతివాదిగా వుంటే, ఆమె కాపురం వుంటున్న ఇంటి చిరునామా ఇస్తున్నట్టు వాది చేత ప్రమాణపత్రం తీసుకోవాలి. పుట్టింటి చిరునామా ఇస్తే ఎందుకని అడగాలి.

రెండు: అదే దావాలో పార్టీగా వున్నవాళ్ళు, ఆ ఆస్తిలో లాభం వున్నవాళ్ళు ఆమె తరఫున పెట్టిన సంతకాన్ని ఒప్పుకోకూడదు.

మూడు: తలుపుకు అంటించి వచ్చిన ప్రతి సందర్భంలో ప్రాసెస్ సర్వర్‌ను పిలిచి విచారించాలి. ప్రమాణపత్రం వున్నా సరే. అందుకు 19వ నియమం అధికారం ఇస్తూనే వుంది.

నాలుగు: సమనుతో పాటు పెద్ద అక్షరాల్లో ఒక తెలుగు చీటీ వుండాలి. ఇది ఏమిటి, ఎప్పుడు రావాలి, రాకపోతే ఏమవుతుంది, ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుంది – నాలుగు వాక్యాలు చాలు.

అయిదు: పత్రికా ప్రకటనతో సరిపెట్టకూడదు. పేపరు ఇంటికి రాని ఆడదానికి ఆఖరి పేజీలో వేసిన ప్రకటన ఏం చేరుతుంది? పంచాయతీ ఆఫీసులోనూ, ఆమె వుండే వూళ్ళోని పొదుపు సంఘానికీ ఆ సంగతి తెలియజెయ్యాలి. ‘కోర్టు తగినదని తలచిన మరే పద్ధతిలోనైనా’ అని 20వ నియమం చెపుతూనే వుంది.

ఇక మనం చెయ్యవలసినవి. కాగితం వస్తే తీసుకోవాలి, తీసుకున్న తేదీ వెనుక రాసుకోవాలి, ఆ వారంలోనే సంఘానికి తేవాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత వకీలు హక్కుగా వుంది, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీకి వెళ్ళవచ్చు, 15100కు ఫోను చెయ్యవచ్చు. తన మీద దావా వుందేమోనన్న అనుమానం వుంటే, ఈ-కోర్ట్స్ యాప్‌లో పార్టీ పేరుతో వెతికి చూడవచ్చు. మా సంఘంలో ఇంటర్ చదివిన ఇద్దరమ్మాయిలు నెలకొకసారి సభ్యుల పేర్లన్నీ ఇలా వెతుకుతున్నారు. మొదటి నెలలోనే ఇద్దరికి తమ మీద కేసులున్నట్టు అప్పుడే తెలిసింది. ఒకటి విడాకుల కేసు.

అన్నిటికన్నా ముఖ్యం, కోర్టు మనిషి వూళ్ళోకి వచ్చినప్పుడు ఇల్లు చూపించడానికి, సాక్షిగా నిలబడడానికి మన సభ్యులు ముందుకు రావాలి. ‘ఆమె ఇక్కడ వుండదయ్యా, పలమనేరు దగ్గర ఫలానా వూళ్ళో వుంటుంది, రాసుకో’ అని ఒక్క ఆడమనిషి ఆ రోజు ఆ వాకిట్లో చెప్పి వుంటే, పుంగనూరు ఆమెకు అయిదేళ్ళ దుఃఖం తప్పేది. సారా అంగడి ముందు నిలబడిన మనకు ఈ వాకిట్లో నిలబడడం కష్టం కాదు.

పుంగనూరు ఆమె దావా మళ్ళీ మొదటి నుంచి మొదలయింది. వకాలతు ఇచ్చేటప్పుడు చిరునామా రాయవలసి వచ్చింది. గుమాస్తా అలవాటు కొద్దీ ‘ఫలానావారి భార్య, కేరాఫ్’ అని రాయబోయాడు. ఆమె ఆపింది. ఇంటి నెంబరు, వీధి, వూరు, మండలం తనే ఒక్కొక్కటిగా చెప్పింది. చెప్పి, ‘ఇంగ మీద కాగితం ఈ ఇంటికే రావల్ల, నా చేతికే ఇయ్యల్ల’ అన్నది.